చెప్పుకోదగ్గ తేడా లేదు

చీటీ విప్పితే నాకు సరి సంఖ్య వచ్చింది.
సరి సంఖ్యలు కంప్యూటర్ గదికి,
బేసి సంఖ్యలు పాఠానికి.
కిల్లో సుభద్ర నా వైపోసారి చూసి
తన చీటీ నలిపి జడపాయలో దోపుకుంది.
బేసి.

ఎమ్మెస్సీ చదివే హేమనళిని అక్క పరిశోధన అది.
మేం దేనితో బాగా నేర్చుకుంటామో తేల్చాలట.
"ఈ పది రోజులూ
వీళ్లది వాళ్లకి, వాళ్లది వీళ్లకి చెప్పుకోవద్దు" అంది.
అలాగే అక్కా, అన్నాం
అరవై మందిమి ఒక్క గొంతుతో.

కంప్యూటర్ మంచిది.
తెర మీద చెయ్యి నున్నగా ఉంటుంది.
నరం నీలంగా, స్కేలు పెట్టి గీసినట్టు.
ఎక్కడ గుచ్చాలో బాణం గుర్తు.
పదకొండు సార్లు తప్పు గుచ్చాను.
పదకొండు సార్లూ "మళ్లీ ప్రయత్నించండి" అంది,
అరవకుండా, అలిసిపోకుండా.
మా ఇంటిల్లిపాదిలో
నన్ను 'అండి' అన్నవాళ్లు లేరు ఇంతవరకు.

గోడకి అవతల దయామణి మేడం.
సూది పాఠం మొదలుపెట్టి
ఎప్పట్లాగే తుపాను రాత్రికి వెళ్లిపోయింది.
కిటికీ రెక్కలు ఊడి, కరెంటు పోయి,
వాచీ ఎక్కడో జారిపోయి
తన నాడి మీద తనే వేలు పెట్టుకుని
సెలైన్ చుక్కలు లెక్కపెట్టిన రాత్రి.
"నాడి కూడా మోసం చేస్తుందే పిల్లా,
భయపడితే పరుగందుకుంటుంది.
ముందు నువ్వు కుదుటపడు. తర్వాతే చుక్కలు."
వెంటిలేటర్ లోంచి వస్తోంది గొంతు.
నేను హెడ్‌ఫోన్ ఒక చెవికి తీసేశాను.

రాత్రి హాస్టల్ మేడ మీద
ఆరేసిన యూనిఫారాల మీద పోర్టు బొగ్గు దుమ్ము.
దులుపుతూ, దులుపుతూ
సరీ బేసీ పక్కపక్కన కూర్చున్నాం.
సుభద్రకి నేను లెక్క చెప్పాను:
అయిదు వందల మిల్లీ, నాలుగు గంటలు,
మిల్లీకి ఇరవై చుక్కలు,
అంటే నిమిషానికి నలభై రెండు.
సుభద్ర నాకు తుపాను చెప్పింది.
మధ్యలో మేడం ఆగి కళ్లద్దాలు తుడుచుకుందట.
అది వెంటిలేటర్ లోంచి వినపడలేదు.
డాల్ఫిన్ నోస్ మీద లైట్‌హౌస్
ఇన్విజిలేటర్‌లా ఇటు తిరిగి మమ్మల్ని చూసింది,
ఏమీ అనకుండా అటు తిరిగింది.

పరీక్షలో పాఠం వాళ్లకి సగటున ఇరవై రెండున్నర.
మాకు ఇంకో చిటికెడు ఎక్కువ.
"రెండు పద్ధతుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు"
అని రాసుకుని హేమనళిని అక్క
బైండింగుకి జగదాంబ వైపు ఆటో ఎక్కింది.
ఆమె పట్టికలో మేడకి గడి లేదు.
చెబుదామనుకున్నాం. ఆటో వెళ్లిపోయింది.

డిసెంబరులో వార్డు.
ఏడో మంచం, గరికిన ఎల్లాజి,
ఫిషింగ్ హార్బర్ నుంచి తెచ్చారు.
చెయ్యంతా ఉప్పు తిన్న చర్మం,
వలతాడు కోసిన పాత గీతలు.
నీలం ఎక్కడా లేదు. బాణం అసలే లేదు.
మొదటి సూది తప్పింది.
మళ్లీ ప్రయత్నించండి అనేవాళ్లు లేరు,
సిస్టర్ ఆ చివరి మంచం దగ్గరుంది.

"ఏటి పాపా, సేప అందనేదా?
కంగారడకు. నీళ్లు కలపకుండా ఉండు,
అదే అగుపడతాది."

చూడటం మానేసి వేలితో వెతికాను.
చర్మం కింద ఎక్కడో
మెత్తగా ఎదురు తన్నింది.
సూది వాల్చాను.
వెనక్కి వచ్చింది ఎర్రగా ఒక్క బొట్టు.

చక్రం సవరించి, వాచీ చూస్తూ
పెదాలు కదుపుతున్నాను.
"ఏటి లెక్కెడతన్నావు?"
"చుక్కలు, తాతా."
"సుక్కలా!
నడిసంద్రంలో అయ్యి సూసుకునే కదే
ఇంటి దారి అట్టుకునేవోళ్లం..."

ముప్పై ఆరో, ముప్పై ఏడో.
లెక్క తప్పింది.
మళ్లీ ఒకటి నుంచి.